వేపచెట్టుపై గొడ్డలి ఎత్తకముందు

ఉగాదినాడు పువ్వు కొరకు చేయి చాచునపుడే మనకు వేపచెట్టు గుర్తుకు వచ్చును. తక్కిన దినములలో అది బడి ఆవరణలోనో, పెరటిలోనో అడుగకయే నీడనిచ్చుచు నిలిచియుండును. అట్టి చెట్టు కొనకొమ్మలనుండి ఎండసాగినపుడు, “ఇక చచ్చినది, కొట్టివేయుడు” అనుట ఎంత సులభము!

2021వ సంవత్సరమున వానకాలమునుండి తెలంగాణలో ఊరూర వేపచెట్లు ఇట్లే మాడినవి. ఇందుకు ముఖ్యకారణము ఫోమోప్సిస్ అజాడిరక్టే అను శిలీంధ్రము. దీనిని 1997లో మైసూరు పరిశోధకులు గుర్తించి పేరిడిరి. ఇది లేత కొనలను పట్టి క్రమముగా క్రిందికి దిగును. వానచినుకులతో దాని బీజములు కొమ్మనుండి కొమ్మకు ప్రాకును. పూత మాడును, కాయ కుళ్ళును. తేయాకు దోమ లేజివురుల రసము పీల్చినచో చెట్టు మరింత నీరసించును.

అయినను కొనలు ఎండినంతనే మాను చచ్చినట్లు కాదు. నాడు మాడిన చెట్లలో పెక్కు మరల చిగిర్చినవి. నరికిన చెట్టుకు మాత్రము ఆ అవకాశము లేకపోయినది. కావున ముందు బెరడును గోటితో గీరి చూడుడు. లోన పచ్చగా నున్నచో ప్రాణమున్నదన్నమాట.

అప్పుడు చేయవలసినది గొడ్డలిపని కాదు, కత్తెరపని. పొడి దినమున ఎండిన భాగముకంటె కొంత క్రిందుగ, పచ్చని కొమ్మలో కోత పడవలెను. కోసిన పుల్లలను కాల్చివేయవలెను. గాయమునకు బోర్డో లేపనము పూయవలెను. ఫ్రాన్సుదేశమున బోర్డో ప్రాంతమునందు, బాటసారులు పండ్లు తినకుండ ద్రాక్షతీగలపై చల్లిన మైలుతుత్తము, సున్నము ఆకులను తెగులునుండి కాపాడుట మిలార్డే అను ఆచార్యుడు గమనించి, 1885లో ప్రకటించెను.

అర లీటరు నీటిలో 100 గ్రాముల మైలుతుత్తమును, మరి అర లీటరులో 100 గ్రాముల సున్నమును వేరువేరుగ కలిపి, రెంటిని ఒకేసారి మూడవ పాత్రలో పోయవలెను. పాత్రలు మట్టివో, ప్లాస్టిక్‌వో కావలెను. మెరయు ఇనుప చాకును అందులో ముంచి తీయుడు. దానిపై ఎర్రని రాగిపూత కనబడినచో మరికొంత సున్నము చేర్చవలెను. ఇనుము రాగిని తొలగించునని పుస్తకమున చదివిన విద్యార్థికి ఇది కన్నులయెదుటి పాఠము. మైలుతుత్తము విషము గనుక కలుపుట, పూయుట పెద్దల పని. పిల్లలు ఎడముగ నిలిచి చూడవలెను.

ఈ లేపనము గాయమును కాపాడునే గాని, లోనికి దిగిన తెగులును మాన్పదు. వానలు వెలిసిన పిమ్మట మరల చూచి, అవసరమైనచో మరల కోయవలెను. ఒక చెట్టును ఒక తరగతికి అప్పగించి, నెలనెల ఎండిన కొమ్మలెన్నో, చిగిర్చినవెన్నో వ్రాయించుడు. చెట్టును కొట్టవలెనా, ఉంచవలెనా యని ఎవరైన అడిగిననాడు, ఆ లెక్క చూచి పిల్లలే బదులు చెప్పగలరు.