దెబ్బతిన్న ఊపిరితిత్తికి ఎంత గాలి?

మనిషి రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 30 కోట్లకు పైగా వాయుగోణులు ఉంటాయి. ఒక్కోదానిలో ఒకవైపు గాలి, మరోవైపు సన్నని రక్తనాళాల్లో నెత్తురు. రెంటికీ నడుమ గోడ చాలాచోట్ల ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు. ఆక్సిజన్ ఆ గోడ దాటి రక్తంలో కలుస్తుంది. న్యుమోనియా, రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్, పొగ, రసాయన ఆవిరి, కడుపులోది శ్వాసనాళంలోకి పోవడం వంటి ఏ కారణం వల్లనైనా ఆ గోడ దెబ్బతినవచ్చు. ఉత్తరాంధ్ర మన్యంలో ఏటా భయపెట్టే ఫాల్సిపారమ్ మలేరియా కూడా ముదిరితే ఊపిరితిత్తుల మీదికి వస్తుంది. వాపుతో రక్తనాళాల గోడలు కారి, ప్రొటీన్లు నిండిన నీరు వాయుగోణుల్లోకి చేరుతుంది. వాటిని ముడుచుకుపోకుండా నిలిపే సర్ఫాక్టెంట్ పొర చెడిపోతుంది. గుండె బలహీనపడినా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది కానీ, అక్కడ లోపం గుండెది, ఇక్కడ గోడది. ఇలా కొద్ది గంటల నుంచి వారం లోపల ముదిరే ఈ స్థితిని వైద్యులు ఏఆర్‌డీఎస్ అంటారు.

రసాయన ఆవిరి మనుషుల్ని ఎంత త్వరగా కూల్చగలదో విశాఖపట్నానికి తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. లాక్‌డౌన్‌తో ఉత్పత్తి ఆగి, ట్యాంకులో స్టైరీన్ వారాల తరబడి కదలకుండా ఉండిపోయింది. స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా మారుతుంది. మారేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి మార్పు ఇంకా వేగమవుతుంది. దాన్ని అణచి ఉంచే రసాయనం తగినంత లేకపోవడం, చల్లబరిచే ఏర్పాట్లలో లోపాలు, ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రత తెలిసే వీలు లేకపోవడం ప్రమాదానికి దారితీశాయని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. ఇవన్నీ ముందే సరిదిద్దుకోగలిగినవే. పన్నెండు మంది చనిపోయారు, వందలాది మందిని కింగ్ జార్జ్ ఆసుపత్రికీ (కేజీహెచ్) ఇతర ఆసుపత్రులకూ తరలించారు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. అందుకే నేలను పట్టుకుని పాకుతుంది, నిద్రలో ఉన్నవాళ్లను చుట్టేస్తుంది. మోతాదు ఎక్కువైతే మెదడు పనితీరును మందగింపజేసి మనిషిని పడేస్తుంది, శ్వాసనాళాలను మండిస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేయగలదు.

ఇలా దెబ్బతిన్న ఊపిరితిత్తికి విరుగుడు మందు లేదు. ఆక్సిజన్ ఇస్తూ, అవసరమైతే వెంటిలేటర్ మీద పెట్టి, ఊపిరితిత్తి కోలుకునేదాకా ప్రాణం నిలపాలి. ఆ నిలిపే పద్ధతి మీదే అర్ధశతాబ్దానికి పైగా పరిశోధన సాగింది.

1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు ఆష్‌బా, బిగెలో, పెట్టీ, లెవిన్ 12 మంది రోగుల వివరాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. కారణాలు వేరైనా అందరి ఊపిరితిత్తులూ ఒకేలా బిగుసుకుపోయాయి, ఆక్సిజన్ ఇచ్చినా రక్తానికి అందలేదు. తరువాతి ఏళ్లలో ఇటలీకి చెందిన గట్టినోని సీటీ స్కాన్లతో మరో సంగతి బయటపెట్టాడు: ఊపిరితిత్తి అంతా ఒకే రీతిగా చెడదు. వెనుకభాగం నీటితో మూసుకుపోయి, గాలి ఆడే భాగం పసిపిల్ల ఊపిరితిత్తి అంతే మిగులుతుంది.

దీని పర్యవసానం పెద్దది. అప్పట్లో వెంటిలేటర్‌తో ఒక్కో శ్వాసకు శరీర బరువు కిలోకు 10 నుంచి 15 మిల్లీలీటర్ల గాలి పంపేవారు. ఆ గాలంతా మిగిలిన చిన్న భాగంలోకే దూరి దాన్ని సాగదీసి చింపుతుంది, వాపును పెంచుతుంది. 2000లో అమెరికాలో 861 మంది రోగులతో జరిగిన పరీక్షలో సగం మందికి కిలోకు 12, మిగతా వారికి 6 మిల్లీలీటర్లు ఇచ్చారు. మొదటి రోజుల్లో ఎక్కువ గాలి పొందినవారి రక్తంలోనే ఆక్సిజన్ మెరుగ్గా కనిపించింది. అయినా చనిపోయింది వారిలోనే ఎక్కువ: 39.8 శాతం. తక్కువ గాలి ఇచ్చినవారిలో మరణాలు 31 శాతం. తెర మీద అంకె బాగుండటమూ రోగి బాగుపడటమూ ఒకటి కావని ఇంత స్పష్టంగా చూపిన పరీక్షలు వైద్యంలో అరుదు.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది రోగి అసలు బరువు కాదు, ఎత్తును బట్టి ఉండాల్సిన బరువు. మనిషి లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తి పెరగదు. 152 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి ఆ బరువు దాదాపు 45 కిలోలు, కిలోకు 6 చొప్పున ఒక్కో శ్వాసకు గాలి 270 మిల్లీలీటర్లు. దీనికి కావలసింది కొలత టేపు మాత్రమే.

రెండో మేలైన పద్ధతి రోగిని బోర్లా పడుకోబెట్టడం. అలా చేస్తే మూసుకుపోయిన వెనుకభాగం తెరుచుకుంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన గెరాన్ నాయకత్వంలో 466 మంది తీవ్ర రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి: 28 రోజుల్లో మరణాలు 32.8 నుంచి 16 శాతానికి తగ్గాయి. అయితే గొట్టాలు ఊడకుండా మనిషిని తిప్పడానికి నలుగురైదుగురు నేర్పున్న సిబ్బంది కావాలి.

మందులు మాత్రం చాలాకాలం నిరాశపరిచాయి. 2020లో బ్రిటన్‌లోని రికవరీ పరీక్ష కోవిడ్ విషయంలో దారి చూపింది: వెంటిలేటర్ మీదున్నవారికి చౌకైన పాత మందు డెక్సామెథసోన్ ఇస్తే మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి తగ్గాయి. విశాఖపట్నంలో హనుమంతవాక దగ్గరున్న విమ్స్ కోవిడ్ ఆసుపత్రిగా పనిచేసిన రోజుల్లో ఆక్సిజన్, స్టెరాయిడ్, బోర్లా పడక అనే మాటలు నగరంలో ఇంటింటికీ చేరాయి.

తెలిసినది అమలుకావడం వేరే సంగతి. 2016లో ప్రచురితమైన పరిశీలన 50 దేశాల్లోని 459 ఐసీయూలను చూసింది. ఏఆర్‌డీఎస్ రోగుల్లో వైద్యులు గుర్తించింది 60 శాతం మందినే. తీవ్ర రోగుల్లో బోర్లా పడుకోబెట్టింది 16 శాతం మందినే. గుర్తింపుకు రక్తవాయు పరీక్ష కావాలన్న పాత నియమం చిన్న ఆసుపత్రులకు అడ్డంకిగా ఉండేది. 2016లో రువాండాలోని కిగాలీలో పరిశోధకులు పల్స్ ఆక్సిమీటర్, అల్ట్రాసౌండ్‌తో నిర్ధారించే వీలు చూపారు. 2023లో ప్రకటించిన కొత్త నిర్వచనం దాన్ని స్వీకరించింది. మన్యంలోని పాడేరు, అరకు వంటి చోట్ల పనిచేసే వైద్యులకు ఇది ఎంతో ఉపయోగం.

బతికి బయటపడ్డాక ఊపిరితిత్తి చాలావరకు కోలుకుంటుంది, కండరాలు మాత్రం వెనుకబడతాయి. టొరంటోలో హెరిడ్జ్ బృందం 109 మందిని వెంబడించి 2003లో ఫలితాలు ప్రకటించింది: ఏడాది తరువాత కూడా తిరిగి పనిలో చేరినవారు సగం మందే. అందుకే ఐసీయూలో ఉండగానే మత్తు తగ్గించి, వీలైనంత త్వరగా రోగిని కూర్చోబెట్టి నడిపించే ఫిజియోథెరపీ ఇప్పుడు చికిత్సలో భాగమైంది.