మన అన్నం మెతుకులో ఏముంది?

హాస్టల్లో అన్నం ఒకరోజు పొడిపొడిగా ఉంటుంది, మరొకరోజు ముద్దవుతుంది. ముద్దయిన రోజున మనమంతా వంటమాస్టారినే అంటాం. నీళ్లు ఎక్కువైతే ముద్దవడం నిజమే. కానీ చాలాసార్లు కారణం గింజ లోపలే ఉంటుంది. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ సంగతి చెప్పాలనే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

100 గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 75 నుంచి 80 గ్రాములు పిండి పదార్థమే. దీనినే స్టార్చ్ అంటారు. ఇందులో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాల అణువులుంటాయి. రెండింటికీ ఇటుక ఒక్కటే, గ్లూకోజ్. కట్టిన తీరు మాత్రం వేరు.

అమైలోజ్: ఇందులో గ్లూకోజ్‌లు 1,4 బంధాలతో వరుసగా కలిసి, దాదాపు కొమ్మలు లేని పొడవాటి గొలుసవుతాయి. ఆ గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది. ఒక్కో చుట్టలో సుమారు 6 గ్లూకోజ్‌లుంటాయి. అయోడిన్ వేస్తే ఆ చుట్టల్లోకి దూరి ముదురు నీలిరంగు వస్తుంది.

అమైలోపెక్టిన్: ఇది చింతచెట్టులా కొమ్మలు వేసిన చాలా పెద్ద అణువు. సుమారు 20 నుంచి 30 గ్లూకోజ్‌లకు ఒకచోట 1,6 బంధంతో కొమ్మ మొదలవుతుంది. అయోడిన్‌తో ఎరుపు కలిసిన ఊదారంగు ఇస్తుంది.

ఎసట్లో బియ్యం వేశాక, రకాన్ని బట్టి 55 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య స్టార్చ్ రేణువులు నీటిని పీల్చి ఉబ్బుతాయి. స్టార్చ్‌లో అమైలోజ్ 25 శాతం దాటిన బియ్యం పొడిపొడిగా ఉడుకుతాయి. 20 శాతం లోపు ఉంటే మెత్తగా అంటుకుంటాయి. అస్సాంలో పండే బోరా బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు, అందుకే ఆ అన్నం జిగురుగా ఉంటుంది.

ఆలస్యంగా భోజనానికి వచ్చినవారికి గట్టి మెతుకులు ఎందుకు దొరుకుతాయి? చల్లారేకొద్దీ అమైలోజ్ గొలుసులు పక్కపక్కకు చేరి, హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుంటాయి. అమైలోపెక్టిన్ కొమ్మలు ఈ పని నెమ్మదిగా చేస్తాయి. మళ్లీ వేడి చేస్తే అన్నం కొంత మెత్తబడుతుంది.

సాధారణంగా అమైలోజ్ ఎక్కువున్న అన్నం నెమ్మదిగా జీర్ణమవుతుంది. ఇంట్లో షుగరు ఉన్న పెద్దలకు ఈ సంగతి చెప్పవచ్చు. అయితే ఎంత తింటున్నామన్నది కూడా ముఖ్యమే.

కాలేజీ ల్యాబులో చల్లారిన గంజిలో ఒక చుక్క అయోడిన్ వేసి చూడండి. గంజి వేడిగా ఉంటే రంగు నిలవదు.

మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కినది మా తరమే. మా అమ్మలకు అమైలోజ్ పేరు తెలియదు. కానీ బియ్యం చేతిలోకి తీసుకోగానే ఎసరు ఎంత పెట్టాలో చెప్పగలరు. మన వంటమాస్టారికీ అది తెలుసు. ఈసారి అన్నం ముద్దయితే ఆయనను అనేముందు, ఈ నెల ఏ రకం బియ్యం వచ్చాయో అడుగుదాం.