ఉల్లి సాగులో జీవామృతం: ఎప్పుడు వాడాలి, ఎప్పుడు ఆపాలి

కర్నూలు ప్రాంతంలో ఉల్లి ప్రధానంగా ఖరీఫ్ పంట. ఈ గడ్డలు సహజంగానే ఎక్కువ కాలం నిల్వ ఉండవు. నత్రజని ఆలస్యంగా అందితే మెడలు లావై, గడ్డలు మరింత త్వరగా కుళ్ళిపోతాయి. ధర పడిపోయినప్పుడు కొద్ది రోజులైనా ఆగి అమ్ముకునే అవకాశం రైతుకు ఉండదు. అందువల్ల ద్రవ ఎరువులను కూడా సకాలంలోనే వాడాలి.

ఎకరాకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి నీడలో ఉంచాలి. గోనెసంచి కప్పి, ఉదయం, సాయంత్రం కలియబెడితే 48 గంటలకు జీవామృతం సిద్ధమవుతుంది. దీనిని వారం లోపు వాడాలి.

జీవామృతంలో పోషకాలు స్వల్పమే. నేలలోని సూక్ష్మజీవుల వృద్ధికి తోడ్పడటం దీని ప్రధాన ప్రయోజనం. కాబట్టి ఆఖరి దుక్కిలో ఎకరాకు 10 టన్నుల బాగా చివికిన పశువుల ఎరువు వేయడం మానరాదు. నారు నాటిన 15, 30, 45 రోజులకు జీవామృతాన్ని వడకట్టి తడి నీటితో పారించాలి. గడ్డ ఊరే దశలో ఆపివేయాలి. ఉల్లిని పచ్చిగానూ తింటాం కనుక కోతకు ముందు పేడ ద్రావణాన్ని పైరుపై పిచికారీ చేయరాదు. కోతకు 15 రోజుల ముందు నీటి తడులు నిలిపివేయాలి.