ముల్లు మాట నమ్మొచ్చా?

ఎండాకాలం. మధ్యాహ్నం రెండు గంటలు. చీనీకాయల లోడుతో పాత మినీ లారీ ఒకటి అనంతపురం నుంచి బెంగళూరు దారి పట్టింది. పెనుకొండ దగ్గరికొచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్‌ ముల్లు ఎర్రగీతను తాకింది. డ్రైవరు గుండె గుభేలుమంది. బండి ఆపితే మార్కెట్‌ వేళ దాటిపోతుంది. ఆపకపోతే ఇంజిన్‌ పోతుంది. అసలు ఇంజిన్‌ నిజంగానే కాగిందా, లేక ముల్లే అబద్ధం చెబుతోందా?

పాత బండి నడిపే ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. కరవు సీమలో అయితే మరీనూ!

ఎండా, ఎత్తూ, ఉప్పునీరూ

ఇంజిన్‌లో నీళ్లు సాధారణంగా 85 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటాయి. ఆ వేడిని రేడియేటర్‌ గాలికి వదిలేస్తుంది. బయట 20 డిగ్రీలుంటే నీటికీ గాలికీ మధ్య తేడా 75 డిగ్రీలు. అదే మే నెలలో 42 డిగ్రీలుంటే తేడా 53కు పడిపోతుంది. అంటే అదే రేడియేటర్‌ చలికాలంలో చేసే పనిలో దాదాపు ముప్ఫై శాతం వేసవిలో చేయలేదన్నమాట. దానికితోడు అనంతపురం నుంచి బెంగళూరుకు వెళ్లే దారి (ఒకప్పటి ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 44) మొత్తమ్మీద ఎగువకే సాగుతుంది. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తున ఉంటే, బెంగళూరు 900 మీటర్ల పైమాటే.

ఇక మూడోది నీరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేల ఇది. దిక్కు బోరుబావే. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఇంట్లో నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి గార పట్టించినట్టే రేడియేటర్‌ గొట్టాలకూ పట్టిస్తాయి. బండి కాగిన ప్రతిసారీ దారిపక్క బోరునీళ్లు పోస్తూపోతే, ఆ గారే మళ్లీ బండిని కాగేలా చేస్తుంది!

ముందు ముల్లును పరీక్షించండి

పాత బళ్లలో ఇంజిన్‌కు బిగించిన చిన్న సెన్సర్‌ ఉంటుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ పారుతుంది, ముల్లు పైకి లేస్తుంది. ఈ గొలుసులో ఎక్కడ తేడా వచ్చినా ముల్లు తప్పుదారి పట్టిస్తుంది.

తెల్లవారుజామున బండి పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు తాళం తిప్పి చూడండి. ముల్లు కింద ఉండాలి. అప్పుడే సగానికి లేచిందంటే లోపం నీళ్లలో కాదు, తీగల్లో. సెన్సర్‌ వైరు ఊడదీయండి. చాలా బళ్లలో ముల్లు ‘కోల్డ్‌’ వైపు పడిపోవాలి. పడకపోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతున్నట్టు, లేదా మీటరే చెడినట్టు. ఊడదీసిన వైరును చిన్న బల్బు ద్వారా ఇంజిన్‌ బాడీకి ఒక్క క్షణం తాకిస్తే ముల్లు లేవాలి. లేస్తే మీటరు, వైరు బాగున్నట్టే. అనుమానం సెన్సర్‌ మీదే. కంప్యూటర్‌ ఉన్న బళ్లమీద మాత్రం ఈ ప్రయోగం వద్దు. వాటికి స్కానర్‌ పెట్టి చూడాల్సిందే.

హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదిలిందా? ఎర్త్‌ వదులైందేమో చూడండి. డీజిలు ముల్లూ, వేడి ముల్లూ రెండూ కలిసి ఎక్కువ చూపిస్తున్నాయా? కొన్ని పాత బళ్లలో మీటర్లకు సమంగా కరెంటు ఇచ్చే చిన్న స్టెబిలైజర్‌ ఒకటి ఉంటుంది. దోషం దానిదే కావచ్చు.

ముల్లు నిజమే చెబుతుంటే...

అప్పుడు ఎప్పుడు కాగుతోందన్నదే అసలు ఆధారం.

* ట్రాఫిక్‌లో నిలబడితే కాగి, వేగం అందుకోగానే దిగుతోందంటే ఫ్యాను, లేదా ఫ్యాను బెల్టు.
* ఎత్తు ఎక్కేటప్పుడు, వేగంగా వెళ్లేటప్పుడే కాగుతోందంటే రేడియేటర్‌కు గార పట్టడం, నీళ్ల పంపు అరగడం, థర్మోస్టాట్‌ సరిగా తెరుచుకోకపోవడం.
* ఎంతసేపు నడిపినా వేడెక్కడం లేదంటే థర్మోస్టాట్‌ తెరుచుకునే ఉండిపోయినట్టు.
* ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గిపోతూ, రేడియేటర్‌లో బుడగలు వస్తూ, సైలెన్సర్‌ నుంచి తెల్లటి పొగ వస్తుంటే హెడ్‌ గ్యాస్కెట్‌ పోయిందేమోనని అనుమానించాలి.

వీటన్నిటికంటే ప్రమాదకరమైంది మరొకటుంది. కాగుతున్న బండిలో ముల్లు ఉన్నట్టుండి కిందకు పడిపోవడం! ‘హమ్మయ్య, చల్లబడింది’ అనుకుంటాం. కానీ నీళ్లు తగ్గిపోయి సెన్సర్‌ ఉత్తగాలిలో ఉంటే అది సరైన వేడిని చూపించలేదు. అలా నడుపుకుంటూ పోతే హెడ్‌ వంగిపోతుంది. నీళ్లు మార్చాక లోపల గాలి చిక్కుకున్నా ముల్లు ఇలాగే పైకీ కిందకీ ఊగుతుంది.

థర్మోస్టాట్‌ తీసేస్తే?

‘అన్నా, మన ఎండలకు అదెందుకు, పీకేద్దాం’... షెడ్లలో తరచూ వినిపించే సలహా. అది మంచిది కాదు. చలికాలం ఉదయాల్లో ఇంజిన్‌ తగినంత వేడెక్కదు. డీజిలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. పైగా కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్‌ లేకపోతే వేడినీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిలో తిరిగి ఇంజిన్లోకే వస్తాయి. దాంతో మరింత కాగుతుంది. పీకేసే ముందు పొయ్యిమీద గిన్నెలో నీళ్లు పెట్టి, థర్మోస్టాట్‌ను దారంతో అడుగుకు తగలకుండా వేలాడదీసి కాచి చూడండి. దానిమీద ముద్రించిన అంకె (82, 88 లాంటివి) దగ్గర తెరుచుకోవడం మొదలైతే అది నిక్షేపంగా ఉన్నట్టే.

మూత విషయమూ చిన్నది కాదు. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్లు రేడియేటర్‌ మూత పెట్టే ఒత్తిడివల్ల దాదాపు 120 దాకా మరగకుండా ఆగుతాయి. మూత రబ్బరు పాడైతే ఆ రక్షణ పోతుంది. అందుకే బండి కాగినప్పుడు మూత తీయడమంటే చావును పిలవడమే. ఒత్తిడి పోగానే మరుగునీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట ఆగాలి. కాగిన ఇంజిన్‌ మీద చన్నీళ్లు గుమ్మరించినా ముప్పే, హెడ్‌ పగలొచ్చు.

చివరగా ఒక్క మాట. డిస్టిల్డ్‌ వాటర్‌ కలిపిన కూలెంట్‌ పోయించి, కంపెనీ చెప్పిన గడువుకు మార్పించండి. వేసవికి ముందు రేడియేటర్‌ కడిగించండి. ఈ ఖర్చు హెడ్‌ రిపేరుతో పోలిస్తే ఏపాటి? ముల్లు పైకి లేచినప్పుడు మాత్రం లోడు సంగతి తర్వాత... ముందు బండి పక్కకు తీయండి. అది అబద్ధమని తేలితే పోయేది అరగంట. నిజమైతే మిగిలేది ఇంజిన్‌!