మీకు తెలుసా? బరంపురం బండి కబుర్లు

ఒడిశాలోని గంజాం జిల్లాలో పెద్ద ఊరు బరంపురమే. కలెక్టరాఫీసు మాత్రం అక్కడ లేదు. ఇరవై కిలోమీటర్ల అవతల ఛత్రపురంలో ఉంది. బరంపురంలో కాపురం, ఛత్రపురంలో కొలువు అయిన ఉద్యోగులు రోజూ బస్సు రాడ్డు పట్టుకుని వేలాడడానికి కారణం 1815లో వచ్చిన జ్వరం! అంతకుముందు జిల్లాకి ముఖ్యపట్టణం రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఉన్న గంజాం. అక్కడ విషజ్వరాలు ప్రబలడంతో దొరలు మకాం ఎత్తేసి, చివరికి ఛత్రపురంలో కుదురుకున్నారు. రెండు వందల ఏళ్లు దాటాయి, ఆ జ్వరం తాలూకు బస్సు ఛార్జీ ఇంకా కడుతూనే ఉన్నాం.

ఇంకో విశేషం పర్లాకిమిడిది. ఇప్పుడది గజపతి జిల్లాలో ఉంది కానీ 1992 దాకా గంజాంలోనే ఉండేది. మెయిన్‌లైను తన ఊరికి రాకుండా నౌపడ మీదుగా వెళ్లిపోతే అక్కడి రాజా గౌరచంద్ర గజపతి అర్జీలు పెట్టుకుంటూ కూర్చోలేదు. ఏడు లక్షల రూపాయలు పోసి సొంత రైలు వేయించాడు. పట్టాల మధ్య రెండున్నర అడుగుల వెడల్పు, నౌపడ నుంచి పర్లాకిమిడికి నలభై కిలోమీటర్ల దూరం. 1900 ఏప్రిల్ 1న బండి కదిలింది. మొదటి పదేళ్లూ నష్టాలే. 1910 తర్వాతే లాభాల మొహం చూసింది. 1931 నాటికి గుణుపురం దాకా పాకింది. 1936లో ఒరిస్సా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, నౌపడ మద్రాసులోనే ఉండిపోయింది. అలా ఓ బుల్లి రైలు అంతర్రాష్ట్ర సర్వీసైపోయింది! చిన్న లైను 2004లో ఆగింది, 2011కల్లా గుణుపురం దాకా పెద్ద లైను వచ్చింది. ఇప్పుడు గుణుపురంలో ఎక్కినవాళ్లు బరంపురం మీదుగా నేరుగా పూరీలో దిగొచ్చు. రాజుగారికి తట్టని సదుపాయమిది.

ఆ రాజుగారి కొడుకే కృష్ణచంద్ర గజపతి. 1962లో మొదలైన బరంపురం మెడికల్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఎం.కె.సి.జి. అంటే అదే. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు తెలుగువాళ్లకి ఒంట్లో బాగోలేకపోతే దగ్గరున్న పెద్దాసుపత్రి బరంపురంలోనే. అందుకే ఆ దారిలో బస్సెక్కితే ఎక్స్‌రే కవర్లు, పట్టుచీరల సంచులు, అప్పడాల కట్టలు ఒకే సీటుకింద సర్దుకుంటాయి. తెలుగులో మొదలైన బేరం ఒడియాలో తేలుతుంది. చిల్లర దగ్గర మాత్రం రెండు భాషల్లోనూ గొడవే.

ఇక్కడో తిరకాసుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం కదా? అంతర్రాష్ట్ర సర్వీసులకి అది వర్తించదు. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా దర్జాగా వచ్చిన అత్తాకోడళ్లు, అక్కడి నుంచి బరంపురం వెళ్లే పాతిక కిలోమీటర్లకీ పర్సు తీయాల్సిందే. సరిహద్దు గీత రోడ్డు మీద కనిపించకపోయినా టిక్కెట్టులో కనిపిస్తుంది.

రైలు ఉద్యోగుల పక్షాన గట్టిగా నిలబడ్డ పెద్దమనిషి కూడా ఈ ఊరివాడే. 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి 1928లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెకి నాయకత్వం వహించారు. బరంపురం మీదుగా బండ్లు నడిపింది కూడా అప్పట్లో ఆ కంపెనీయే. ఉద్యోగాల కోత మీద జరిగిన ఆ పోరులో కంపెనీ దిగిరాక తప్పలేదు. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు.

సీటు సంగతి చెప్పి ముగిస్తాను. బండి ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టడం మనవాళ్లకి తెలిసిన విద్యే. బరంపురంలో భువనేశ్వర్ వైపు బండి ఎక్కుతున్నారా? అయితే కుడివైపు కిటికీకి విసరండి. ఛత్రపురం, గంజాం దాటాక హుమ్మా వస్తుంది. 1930లో ఉప్పు సత్యాగ్రహం జరిగిన చోటు, ఉప్పుమడులకి పేరు. తర్వాత రంభ నుంచి బాలుగావ్ దాకా చిలికా సరస్సు మీ కిటికీ పక్కనే నడుస్తుంది. ఎడమవైపు కూర్చున్నవాళ్లు మురీ మిక్చరు పొట్లం పట్టుకుని మీ భుజం మీదుగా తొంగిచూస్తారు. కాస్త జరిగి చోటివ్వండి, పుణ్యముంటుంది.