రిజిస్టర్లో పుట్టుమచ్చ ఉంది, ఇంటిపేరు లేదు!

నంబరు. పేరు. తండ్రి పేరు. వయసు. ఆడా, మగా. కులం. జిల్లా. తాలూకా. ఊరు. ఎత్తు. ఒంటి మీద గుర్తులు.

మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్లిన కూలీల ఓడ రిజిస్టర్లలో గడులు ఇవే. 1860 నవంబర్ 16న 'ట్రూరో' అనే ఓడ డర్బన్‌లో ఆగింది. అక్కడి నుంచి 1911 దాకా 1,52,184 మందిని ఇట్లనే రాసుకున్నారు. కాలి మీద మచ్చ ఉందా, నుదుటి మీద గాటు ఉందా అన్నది కూడా వదల్లేదు. ఇంటిపేరుకు మాత్రం గడి పెట్టలేదు.

తెల్ల గుమస్తాకు అది అక్కర్లేదు. మనకు మాత్రం ఇంటిపేరే చిరునామా. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడిన చిట్యాల ఐలమ్మను చూడండి. ఆమె ఉన్నది పాలకుర్తిలో, ఇంటిపేరేమో చిట్యాల! మన ఇళ్లపేర్లలో సగం ఊళ్లపేర్లే కదా. వంశం ఎక్కడి నుంచి కదిలిందో చెప్పే ఆ ఒక్క ముక్క ఓడ ఎక్కేటప్పుడే పోయింది. అవతలి ఒడ్డున తండ్రి పేరో, కులం బిరుదో ఇంటిపేరైంది. డర్బన్‌లో ఇంతమంది నాయుడులు ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు వాళ్ల మునిమనవలు వెనక్కి వెతుక్కుంటున్నారు. మారిషస్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడ్డ రచయిత్రి నథాషా అప్పనా పేరు విన్నారా? పూర్తి ఇంటిపేరు పతారెడ్డి అప్పనా. అందులో ఒక రెడ్డి, ఒక అప్పన్న మీకు కనబడుతూనే ఉంటారు. ఆమె రాసేది ఫ్రెంచిలో. 1872లో మారిషస్‌లో దిగిన తన పూర్వీకుల మీద 2023లో ఒక పుస్తకం తెచ్చారు. ఆ వెతుకులాటలో చేతికి అందేవి కూలీ నంబర్లే. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. 1860ల నుంచి తీసిన కూలీల ఫొటోలు కూడా! ముత్తాత మొహం చూడాలంటే ముందు ఆయన నంబరు తెలియాలి. 2015లో యునెస్కో ఈ రికార్డులను ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది.

మారిషస్ 1834 కథ చాలామందికి తెలుసు. అంతకు ఆరేళ్ల ముందే తెలుగువాళ్లు ఓడెక్కారన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 1828లో 'టర్క్వాజ్' అనే ఓడ యానాం నుంచి 15 మంది తెలుగు కూలీలను ఫ్రెంచి దీవి రీయూనియన్‌కు తీసుకెళ్లింది. ఫ్రెంచివాళ్లు వాళ్లను రాసుకున్న పేరు 'తెలింగా'లు.

ఫ్రెంచివాళ్లకు రాసిపెట్టే అలవాటు ఎక్కువ. కెనడాలోని క్యుబెక్‌లో చర్చి రిజిస్టర్లు 1621 నుంచి దొరుకుతాయి. 1663-73 మధ్య రాజు తన ఖర్చుతో పంపిన సుమారు 770 మంది పెళ్లికాని ఆడవాళ్ల దాకా అక్కడి కుటుంబాలు తమ చెట్టు గీసుకుంటాయి, అమ్మవైపు కూడా! అదే అలవాటు పుదుచ్చేరికీ యానాంకూ వచ్చింది. 1881లో ఇంకో డిక్రీ తెచ్చారు. తమ కులాచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి వచ్చే భారతీయులు ఒక ఇంటిపేరు ఎంచుకుని నమోదు చేయించుకోవాలి. ఓడలో ఒకరి ఇంటిపేరు పోతే, ఇక్కడ ఇంకొకరికి కాగితం మీద కొత్తది పుట్టింది. ఫ్రెంచి ఇండియా జనన, మరణ రిజిస్టర్లు ఇప్పుడు ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రావాన్స్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఫోన్లోనే చూడొచ్చు, కాకపోతే పాత ఫ్రెంచి చేతిరాత చదవాలి.

సరే, మరి మన చిట్యాల సంగతేంటి?

మనది నైజాం ఇలాకా. ఓడ రిజిస్టర్లలో తెలుగువాళ్ల ఊళ్లు ఎక్కువగా విశాఖపట్నం, గంజాం, గోదావరి లాంటి బ్రిటిష్ జిల్లాలవే. మన సర్కారు రాసుకున్నది మనుషులను కాదు, భూమిని. సేత్వార్, పహాణీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ... తాత పేరు దొరికితే వీటిలోనే. పాతవి ఉర్దూలో, ఇంకా పాతవి ఫార్సీలో ఉంటాయి. సంవత్సరం ఫసలీలో ఉంటుంది, దానికి 590 కలుపుకోండి. 1364 ఫసలీ అంటే 1954. పెద్ద భాండాగారం హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్. అక్కడ షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాలు కూడా ఉన్నాయి.

వెతికేటప్పుడు రెండు చిక్కులు. ఏ చిట్యాల? భూపాలపల్లిలో ఒకటి ఉంది, నల్గొండలో హైవే మీద ఇంకోటి ఉంది. మన చిట్యాల కూడా 2016 దాకా వరంగల్ జిల్లానే కాబట్టి పాత కాగితాల్లో భూపాలపల్లి అని వెతికితే ఏమీ రాదు. ఇక ఇంగ్లిషు స్పెల్లింగ్ ఎన్ని రకాలుగా రాయొచ్చో మీరే టైప్ చేసి చూడండి.

అసలు చిక్కు వేరే. పహాణీలో పేరుండాలంటే భూమి ఉండాలి. జీతగాడికి, వెట్టి చేసినోడికి పట్టా ఎక్కడిది? విచిత్రం చూడండి. నటాల్‌కు వెళ్లిన కూలీ స్త్రీకి పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు అన్నీ రికార్డుల్లో ఉన్నాయి. అదే కాలంలో ఇక్కడే ఉండిపోయి దొర పొలంలో నాట్లేసిన ఆడమనిషి పేరు ఏ కాగితంలోనూ కనబడదు. చెరకు తోటకు మనిషి కావాలి కాబట్టి మనిషిని రాసుకున్నారు. ఇక్కడ శిస్తు కావాలి కాబట్టి చెలకను రాసుకున్నారు.

కాగితం లేనివాళ్లకు నోటి లెక్కలు ఉండేవి. కాపుల గోత్రాలు, వంశాలు చెప్పే పిచ్చకుంట్లవాళ్లు (ఇప్పుడు వంశరాజులు అంటున్నాం), మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు ఊరూరా తిరిగేవారు. వాళ్ల వారసులు ఎవరైనా మీ వైపు వస్తుంటే ఫోన్ బయటికి తీసి రికార్డ్ చేయండి. తార్నాకకు తర్వాత పోవచ్చు.

ఇంట్లో అయితే నాయినమ్మతో మొదలుపెట్టండి. తాత పేరు కాదు, ఆమె పుట్టింటి ఇంటిపేరు అడగండి. వాళ్లమ్మ పుట్టింటి ఇంటిపేరు కూడా. అవి పహాణీలో దొరకవు.