తిరువైయారు త్యాగరాజస్వామి సమాధి మందిరం: కట్టించింది ఎవరు, నిలబెట్టుకోవాల్సింది ఎవరు?



మా తెలుగు సంఘం నుంచి ఏటా పుష్యమాసంలో ఒక బస్సు తిరువైయారుకు వెళ్తుంది. త్యాగరాజ ఆరాధన చూసి, కావేరిలో కాళ్ళు కడుక్కుని, పెట్టింది తిని తిరిగి వస్తాం. ఆమధ్య ఒక ఏడు పందిట్లో నా పక్కన ఒక తమిళ పెద్దావిడ కూర్చుంది. చేతిలో తమిళ అక్షరాల్లో అచ్చయిన కీర్తనల పుస్తకం ఉంది. గౌళ రాగ కీర్తన ముగియగానే నా వైపు తిరిగి, "ఐయా, మీరు తెలుగువారే కదా? ఈ 'దుడుకు' అంటే మా 'తుడుక్కు' మాటేనా?" అని అడిగింది.

అవునమ్మా అన్నాను. మాట ఒకటే. తరువాత వచ్చే చరణాల అర్థం కూడా అడిగింది. నాకు తడబాటు వచ్చింది. నలభై ఏళ్ళుగా వింటున్న పాట. రెండు చరణాలు చెప్పగలిగాను, మూడోదాని దగ్గర ఆగిపోయాను. ఆవిడ ఏమీ అనుకోలేదు కానీ నేను అనుకున్నాను. ఆ సంగతి మనసులో పెట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ మందిరం చరిత్ర మన పిల్లలకు చెప్పాలంటే ముందు పెద్దలం సరిగా తెలుసుకోవాలి.

మన భాష అక్కడికి ఎలా చేరింది

తంజావూరుకు ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, కావేరి ఒడ్డున ఉంది తిరువైయారు. తమిళంలో 'ఐయారు' అంటే ఐదు ఏర్లు. సంస్కృతంలో పంచనదం అంటారు. అక్కడి శివుడు పంచనదీశ్వరుడు, తమిళుల నోట ఐయారప్పర్. త్యాగరాజస్వామి పుట్టకముందు ఎన్నో శతాబ్దాల నుంచే అది పెద్ద శైవ క్షేత్రం.

ఆ గడ్డ మీద తెలుగు ఎందుకు వినిపించిందని కొత్తవారు అడుగుతుంటారు. 1532 నుంచి 1673 దాకా తంజావూరును ఏలినవారు నాయక రాజులు. వారి కొలువులో తెలుగు కావ్యాలు, యక్షగానాలు పుట్టాయి. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. తరువాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదల్లేదు. శాహజీ మహారాజు తెలుగులో యక్షగానం రాశాడు. దగ్గరలోని మేలట్టూరులో భాగవత మేళ నాటకాలు ఈనాటికీ తెలుగులోనే ఆడుతున్నారు. రాజులు మారినా, పాటకూ ఆటకూ తెలుగే కావాలన్న అలవాటు ఆ నేలలో నిలిచిపోయింది.

త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. మార్కాపురం ప్రాంతంలోని కాకర్ల ఊరి నుంచి వారి పూర్వులు దక్షిణానికి వచ్చారు. ములకనాటి బ్రాహ్మణులు. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. ఆయన 1767 మే 4న తిరువారూరులో పుట్టారు. అక్కడి దేవుడు త్యాగరాజస్వామి పేరే పెట్టారు. చిన్నతనంలోనే కుటుంబం తిరువైయారుకు మారింది. తిరుమంజన వీధిలో ఇల్లు. శొంఠి వేంకటరమణయ్య గారి దగ్గర సంగీతం. అంటే ఆయన కూడా మనలాగే బయటి రాష్ట్రపు తెలుగువాడు, తరాల ముందే వచ్చి స్థిరపడ్డ ఇంటివాడు. ఇది మన పిల్లలకు తప్పక చెప్పవలసిన మాట.

చెప్పుకునే కథలు

స్వామివారి గురించి కథలు చాలా ఉన్నాయి. ఏది చరిత్ర, ఏది నమ్మకం అన్నది విడదీసి చెబితే రెండింటికీ గౌరవమే.

మొదటిది 96 కోట్ల రామనామ జపం. రోజుకు లక్షా పాతిక వేల చొప్పున 21 ఏళ్ళు జపించారని చెబుతారు. నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, లెక్క వేసి చూశాను. 96 కోట్లను 1,25,000తో భాగిస్తే 7,680 రోజులు, అంటే సరిగ్గా 21 ఏళ్ళ పైచిలుకు. కథ చెప్పినవారు లెక్క తప్పలేదు. కానీ రోజుకు ఉన్నవి 86,400 సెకన్లు. నిద్ర, తిండి మానినా సెకనుకు ఒకటికి మించి నామం అనాలి. కాబట్టి దీన్ని ఖాతా పుస్తకంలా చూడకూడదు. ఒక మనిషి యౌవనమంతా ఒకే పేరు మీద గడిపాడని చెప్పడానికి పెద్దలు వేసిన కొలత అది.

రెండోది నారదుడి కథ. ఒక సన్న్యాసి ఇంటికి వచ్చి కొన్ని గ్రంథాలు ఇచ్చి వెళ్ళాడనీ, ఆయన నారదుడేననీ, ఇచ్చినది 'స్వరార్ణవం' అనే సంగీత గ్రంథమనీ చెబుతారు. మూడోది కావేరి కథ. తమ్ముడు సంపాదించడం లేదని కోపించి అన్న జపేశుడు పూజా విగ్రహాలను కావేరిలో పారేశాడట. స్వామివారు దుఃఖిస్తూ పాడుతూ తిరగగా, చివరికి నదిలోనే విగ్రహాలు దొరికాయట.

నాలుగోది శరభోజి మహారాజు పిలుపు. కొలువుకు రమ్మని రాజు కానుకలు పంపితే, స్వామివారు వెళ్ళలేదనీ, దానికి జవాబుగానే కల్యాణి రాగంలో 'నిధి చాల సుఖమా' పుట్టిందనీ అంటారు. రెండో శరభోజి 1798 నుంచి 1832 దాకా ఉన్నవాడే, కాలం సరిపోతుంది. ఆ పిలుపు కథ శిష్యుల నోటి మాటగా మనదాకా వచ్చింది. స్వామివారు ఉంఛవృత్తితో బతికారన్నదీ, రాజుల మీద కీర్తన కట్టలేదన్నదీ మాత్రం ఆయన పాటలే చెబుతాయి.

సమాధి మందిరం ఎందుకైంది

1847 జనవరి 6, పరాభవ నామ సంవత్సరం పుష్య బహుళ పంచమి. అంతకు కొద్దిగా ముందే ఆయన సన్న్యాసం తీసుకున్నారు. గృహస్థులకు దహనం, సన్న్యాసులకు భూస్థాపన మన ఆచారం. అందుకే కావేరి ఒడ్డున సమాధి చేశారు. రాముడు కొండమీద కనిపించి, పది రోజుల్లో తీసుకువెళ్తానని మాట ఇచ్చాడని సంప్రదాయం. శహన రాగంలోని 'గిరిపై' కీర్తనను ఆ దర్శనానికి గుర్తుగా పాడుతారు.

స్వామివారికి కొడుకులు లేరు. కూతురి కొడుకుతో ఆ వంశమూ ఆగిపోయింది. శిష్యులు తలో ఊరివారు. పాటలను వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యులు పాఠం చెప్పి కాపాడారు. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ సౌరాష్ట్రులు. వారి రాతప్రతులు మదురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి, చాలా వరకు తెలుగు లిపిలోనే. అలా పాటలు బతికాయి కానీ సమాధి దగ్గర దీపం పెట్టే ఇల్లు లేకపోయింది. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ సోదరులు వచ్చి చూసేసరికి అది పాడుబడి ఉంది. వారు బాగు చేయించారు.

ఆ తరువాత ఏటా ఆరాధన మొదలైంది, వెంటనే తగువూ మొదలైంది. విద్వాంసులు రెండుగా చీలి 'పెరియ కట్చి', 'చిన్న కట్చి' అయ్యారు. అంటే పెద్ద పక్షం, చిన్న పక్షం. ఒకరి ఉత్సవం పంచమితో ముగిస్తే, మరొకరిది పంచమినాడు మొదలయ్యేది. రెండు పక్షాలకూ కుదిరిన విషయం ఒకటే: ఆడవాళ్ళను పాడనివ్వకూడదు.

నాగరత్నమ్మ గారు

ఇప్పుడు మనం చూసే మందిరం కట్టించింది ఒక ఆడమనిషి. బెంగళూరు నాగరత్నమ్మ గారు 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో ఒక దేవదాసి ఇంట పుట్టారు. తల్లి పుట్టులక్ష్మి. కన్నడ దేశంలో పెరిగి, తెలుగు సంస్కృతాలు చదివి, మద్రాసులో పేరు తెచ్చుకున్నారు. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికాసాంత్వనము'ను పరిష్కరించి 1910లో వావిళ్ళవారి ద్వారా అచ్చు వేయించింది కూడా ఆవిడే. ఆ పుస్తకాన్ని అప్పటి ప్రభుత్వం నిషేధించింది. చాలా ఏళ్ళకు, ప్రకాశం పంతులు గారి హయాములో ఆ నిషేధం పోయింది.

సమాధి శిథిలంగా ఉందని ఆవిడ గురువు బిడారం కృష్ణప్ప గారు ఉత్తరం రాశారు. స్వామివారు కలలో కనిపించి ఆజ్ఞ ఇచ్చారని కూడా చెబుతారు. ఆవిడ వెళ్ళి చూసి, చుట్టుపక్కల స్థలం సంపాదించి, సొంత ఆస్తి ఖర్చుపెట్టి పని మొదలుపెట్టారు. 1921లో శంకుస్థాపన, కొన్నేళ్ళకు ప్రతిష్ఠ. సమాధి వెనుక స్వామివారి రాతి విగ్రహం నిలిపారు. పూజ కోసం స్వామివారి అష్టోత్తర శతనామావళి కూడా ఆవిడే కూర్చారు.

ఇంత చేసిన మనిషిని అక్కడ పాడనివ్వలేదు. తాను కట్టించిన గుడి ముందు హరికథ చెబుతానంటే కాదన్నారు. ఆవిడ వెనక్కి పోలేదు. మందిరం వెనుక ఆడవాళ్ళతోనే ఆరాధన మొదలుపెట్టారు. అది మూడో పక్షం, 'పెణ్‌గళ్ కట్చి'. చివరికి 1940లో మూడు పక్షాలనూ కలిపారు. అప్పటి నుంచి ఆడా మగా పక్కపక్కన కూర్చుని పాడుతున్నారు. నాగరత్నమ్మ గారు 1952 మే 19న పోయారు. ఆవిడ సమాధి కూడా అక్కడే, స్వామివారికి ఎదురుగా ఉంది. చేతులు జోడించిన ఆవిడ విగ్రహం చూడకుండా ఎవరూ తిరిగి రావద్దు.

ఆరాధన రోజు

పంచమినాడు ఉదయం తిరుమంజన వీధి నుంచి ఉంఛవృత్తి బయలుదేరుతుంది. సమాధి దగ్గర అభిషేకం, పూజ. వేణువుల మీద భైరవి రాగ కీర్తన 'చేతులార' వాయించాక, వందల గొంతులు కలిపి పంచరత్నాలు పాడతారు. వరుస ఇది: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. నాట రాగ కీర్తన సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు.

ఆ గౌళ రాగ కీర్తన 'దుడుకుగల' ఒక తప్పుల చిట్టా. స్వరలయలు తెలియకపోయినా గొప్ప భక్తులతో సమానమని మిడిసిపడ్డానని, ఇలా ఒక్కొక్క తప్పూ తన మీద వేసుకుని చెప్పుకుంటారు. అందులో ఒకచోట ఆడవాళ్ళను, శూద్రులను గురించి ఈనాడు వినడానికి కష్టమయ్యే మాట కూడా ఉంది. నేను పెద్దావిడ ముందు ఆగిపోయిన చరణం అదే. అర్థం సగం తెలియక ఆగాను, సగం సిగ్గుతో ఆగాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆగకూడదనిపిస్తుంది. ఆ మాట ఉన్నదీ నిజం, ఆ మాట తెలిసిన ఒక స్త్రీ ఆయనకు గుడి కట్టించిందన్నదీ నిజం. రెండూ చెప్పాలి.

ఇక మన పని

గుడికి ఇప్పుడు లోటు లేదు. విద్వాంసులున్నారు, సభ ఉంది, జనం వస్తారు. లోటు మాటలకు వచ్చింది. 2006 చట్టం తరువాత తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి. తమిళం నేర్చుకోవడం మంచిదే, మనకు అన్నం పెట్టిన భాష. కానీ తెలుగు రాయడం, చదవడం మన ఇళ్ళ మీదే పడింది. మా మనవరాలు పంచరత్నాలు చక్కగా పాడుతుంది, తమిళ అక్షరాలు చూసి. తమిళంలో త, ద లకు ఒకే అక్షరం కాబట్టి పుస్తకంలో అక్షరం పైన చిన్న అంకెలు వేస్తారు. "తాతా, ఈ అంకెలు లేకుండా చదవలేమా?" అని అడిగింది. చదవొచ్చమ్మా, మన అక్షరాలు నేర్చుకుంటే, అన్నాను. పలకా బలపం లేకుండా ఈ నాలుగు కీర్తనలతోనే మొదలుపెట్టాం. 'దుడుకు'లో ద, డ, క మూడూ వచ్చేశాయి.

మా సంఘంలో ఈ ఏడు ఒక చిన్న పని పెట్టుకున్నాం. నాలుగు తెలుగు పంచరత్నాలనూ పెద్ద తెలుగు అక్షరాల్లో, పక్కన తమిళ లిపిలో, కింద తేలిక అర్థంతో నాలుగు కాగితాలుగా తయారు చేస్తున్నాం. బస్సు ఎక్కే ప్రతి ఒక్కరికీ ఒక ప్రతి. మరాఠీ, కన్నడ, ఒడియా లిపులు తెలిసిన మన సోదర సంఘాలు తమ పిల్లలకు అలాగే చేసుకోవచ్చు. ఖర్చు జెరాక్సు డబ్బులే.

కన్నడ దేశంలో పుట్టిన నాగరత్నమ్మ గారు ఇల్లూ నగలూ పెట్టి రాయి నిలబెట్టారు. మనల్ని అంత ఎవరూ అడగడం లేదు. మళ్ళీ పందిట్లో ఎవరైనా ఒక మాటకు అర్థం అడిగితే, ఆగకుండా చెప్పగలిగితే చాలు.